ఎల్లారెడ్డి వారి సముద్రం

పిల్లలు సముద్రం చూపించమని మారాం చేస్తే కామారెడ్డి వారేం చేయాలి? బందరూ విశాఖపట్నమూ చాలా దూరం. స్టేషను మాత్రం వూళ్లోనే వున్నది. 1900 ప్రాంతంలో నిజాం హయాంలో పడ్డ సికింద్రాబాదు–మన్మాడు మీటరుగేజి లైను అది. 2000 తర్వాత బ్రాడ్‌గేజి అయింది. ఆ చిన్న బండి కూతను తలచుకునేవారు యింకా వున్నారు.

ఎల్లారెడ్డికి రైలు లేదు. కాని ఆ వూరి మీదుగా పోతే సముద్రం కాకపోయినా సాగరం దొరుకుతుంది! మంజీర మీద నిజాంసాగర్‌ను 1923లో మొదలుపెట్టి 1931లో ముగించారు. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. సుమారు మూడు కిలోమీటర్ల కట్ట. అవతలి ఒడ్డు ఆనదు. గాలి లేస్తే అలలు వచ్చి రాతికి కొట్టుకుంటాయి. ఉప్పు ఒక్కటే తక్కువ.

దీనికోసం నలభై దాకా వూళ్లు ఖాళీ అయినాయి. ఇంత చేసినా యీ సాగరం ఏటా నిండుతుందన్న భరోసా లేదు. మొదట దాదాపు 30 టి.ఎం.సి.లు పట్టేది, పూడికవల్ల 18కి దిగింది. ఎగువన సింగూరులో ఆగిన నీళ్లలో హైదరాబాదు కుళాయిలకూ వాటా వున్నది. వానలు మొహం చాటేసిన యేడు వెళితే అలలకు బదులు బీటలు కనిపిస్తాయి. దిగువన వరి వేసుకున్న రైతుకు అది వినోదం కాదు.

కనుక భాద్రపదంలో, నీళ్లు వచ్చాయన్న కబురు విన్నాకనే సద్దిమూట కట్టండి. గేట్ల దగ్గర పిల్లల చెయ్యి వదలకండి.