పాడైన టీవీ రికార్డర్: పాత రికార్డింగులు, కొత్త పెట్టె

డిజిటల్ టీవీ సంకేతం డిష్ నుంచి తెర వరకు ఎలా చేరుతుందో ముందు భాగంలో తెలుసుకున్నాం. రికార్డింగు సౌకర్యం ఉన్న సెట్‌టాప్ బాక్స్ పాడైనప్పుడు అందులో దాచుకున్న కార్యక్రమాలు ఎంతవరకు తిరిగి వస్తాయో ఈ భాగంలో చూద్దాం. "డిస్క్ తీసి కంప్యూటరుకు తగిలిస్తే రాదా?" అని చాలామంది అడుగుతారు. మామూలుగా రాదు. ఎందుకు రాదో తెలిస్తే, ఏం చేయాలో కూడా తెలుస్తుంది.

భువనగిరిలో ఒక ఇంటిని ఉదాహరణగా తీసుకుందాం. వాళ్లది పోచంపల్లి నుంచి వచ్చిన చేనేత కుటుంబం. 2021 నవంబరులో ఐక్యరాజ్య సమితికి చెందిన ప్రపంచ పర్యాటక సంస్థ భూదాన్ పోచంపల్లిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. ఆ రోజుల్లో ఒక టీవీ కార్యక్రమంలో ఊళ్లో ఉన్న వాళ్ల నాయనమ్మ చేత్తో ఆసు పోస్తూ నాలుగు నిమిషాలు కనిపించింది. అదే జిల్లాకు చెందిన చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశాక చేత్తో ఆసు పోసేవాళ్లు తగ్గిపోయారు. నాయనమ్మ ఇప్పుడు లేదు. ఆ నాలుగు నిమిషాలు ఉన్న పెట్టె ఒక ఉరుముల రాత్రి ఆగిపోయి, మళ్లీ వెలగలేదు.

పెట్టె లోపల ఏం జరుగుతుంది?

మన దేశంలో డిష్ సంస్థలు ఇలాంటి రికార్డింగు పెట్టెలను 2008 నుంచి అమ్ముతున్నాయి. పాత వీసీఆర్ చిత్రాన్ని నేరుగా టేపు మీద రాసేది. టేపు తీసి పక్కింటి వీసీఆర్‌లో పెట్టినా బొమ్మ వచ్చేది. ఈ పెట్టె పద్ధతి వేరు. చందా కట్టినవాళ్లకే కనిపించేలా సంస్థ తన ఛానెళ్లను సంకేతభాషలోకి మార్చి పంపుతుంది. చందా ఉందని స్మార్ట్‌కార్డు గానీ లోపలి చిప్ గానీ నిర్ధారించాకే బొమ్మ విడుతుంది. రికార్డు చేసేటప్పుడు కూడా కార్యక్రమం విడివిడిగా, చదవగలిగే రూపంలో డిస్కు మీదికి పోదు. ఆ పెట్టెకు మాత్రమే తెలిసిన ఒక సంఖ్యతో తాళం వేసుకుని పోతుంది. ఆ సంఖ్య డిస్కులో ఉండదు, మదర్‌బోర్డు మీది చిప్‌లో ఉంటుంది. సందూక మన చేతికొచ్చినా తాళంచెవి గోడలోనే ఉండిపోయినట్టన్నమాట.

అందుకే డిస్కును కంప్యూటరుకు తగిలిస్తే విండోస్ దాన్ని గుర్తుపట్టక "ఫార్మాట్ చేయమంటారా?" అని అడుగుతుంది. చేయమనకండి. డిస్కును అదే మోడల్ మరో పెట్టెలో పెట్టినా లాభం ఉండదు. పెట్టె రూపం ఒకటే అయినా చిప్‌లోని సంఖ్య వేరు. చాలా పెట్టెలు కొత్త డిస్కు కనబడగానే దాన్ని ఫార్మాట్ చేస్తాయి కూడా. బజారులో "మేం తీసిస్తాం" అని చెప్పేవాళ్లు ఈ చిప్ సంగతి ఎలా దాటుతారో ముందే అడగడం మంచిది.

కాబట్టి మన ప్రయత్నమంతా డిస్కు మీద కాదు, ఆ పెట్టెనే ఒక్కసారి లేపి కూర్చోబెట్టడం మీద ఉండాలి.

లోపం ఎక్కడుందో కనిపెట్టడం

దీపమే వెలగకపోతే ముందుగా అనుమానించాల్సింది కరెంటు సరఫరా భాగాన్ని. మన ప్రాంతంలో యాసంగి మోటార్లు నడిచే వేళల్లో వోల్టేజి పడిలేస్తుంటుంది. దానికి తోడు ఉరుములు, మెరుపులు. బయట అడాప్టరు ఉన్న పెట్టె అయితే దాని మీద రాసి ఉన్న వోల్టేజి, తరచుగా 12 వోల్టులు, మల్టీమీటరులో వస్తున్నదో లేదో చూడండి. రాకపోతే అదే వోల్టేజి, అంతే గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఆంపియర్లు, అదే ధ్రువాల అమరిక ఉన్న అడాప్టరు పెట్టండి. చాలాసార్లు పని ఇక్కడే ముగుస్తుంది. విద్యుత్ భాగం లోపలే ఉంటే పైభాగం ఉబ్బిన కెపాసిటర్లు కంటికే కనిపిస్తాయి. వాటిని మార్చడం పెద్ద ఖర్చు కాదు, కానీ పని తెలిసిన టీవీ మెకానిక్ చేత చేయించండి. ప్లగ్గు తీసేసినా 230 వోల్టుల వైపు ఉన్న పెద్ద కెపాసిటరులో కొంతసేపు విద్యుత్తు నిలిచే ఉంటుంది.

దీపం వెలిగి, మొదటి తెర దగ్గరే ఆగిపోతుంటే డిస్కు మీద చెవి పెట్టి వినండి. సాఫీగా తిరిగే చప్పుడు వేరు, టక్‌టక్‌మని కొట్టుకునే చప్పుడు వేరు. రెండోది వినిపిస్తే వెంటనే ఆపేయండి. మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూసినకొద్దీ చదివే తల డిస్కు ఉపరితలాన్ని గీరుతూ పోతుంది. చప్పుడు బాగానే ఉండి కొన్ని చోట్ల మాత్రమే చదవలేకపోతున్న డిస్కు అయితే, లినక్స్‌లో డీడీ రెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాముతో దానికి నకలు తీయవచ్చు. ఇది లోపల ఏముందో అర్థం చేసుకోదు, ఉన్న బిట్లను ఉన్నట్టు మరో డిస్కు మీదికి దించుతుంది. ఆ నకలును అదే పెట్టెలో పెట్టాలి. కొన్ని పెట్టెలు దాన్ని ఒప్పుకుంటాయి, కొన్ని డిస్కు క్రమసంఖ్య చూసి తిరస్కరిస్తాయి. రిమోట్‌లోని "ఫ్యాక్టరీ రీసెట్" మాత్రం ఏ దశలోనూ నొక్కకండి. ఫోనులో ఆ సలహా ఇచ్చేవాళ్లకు కావలసింది పెట్టె నడవడం, మీకు కావలసింది అందులోని రికార్డింగు.

లేచిన పెట్టె నుంచి బయటికి తీయడం

పెట్టె నడిచిందంటే సమయం వృథా చేయవద్దు, మళ్లీ ఎప్పుడు ఆగుతుందో తెలియదు. ముందుగా అన్నిటికన్నా ముఖ్యమైన రికార్డింగును తెరవండి. హెచ్‌డీఎంఐ తీగ ద్వారా వచ్చే సంకేతానికి నకలును అడ్డుకునే రక్షణ ఉంటుంది. పెట్టె వెనుక పసుపు, ఎరుపు, తెలుపు రంధ్రాలు ఉంటే, వాటి నుంచి వీడియో క్యాప్చర్ పరికరం ద్వారా కంప్యూటరులోకి తీసుకోవచ్చు. గంట కార్యక్రమానికి గంట పడుతుంది, నాణ్యత కొంత తగ్గుతుంది. కొన్ని పెట్టెల్లో ఈ దారిలోనూ అడ్డు ఉంటుంది. అప్పుడు మిగిలేది గది చీకటి చేసి, ఫోనును స్టాండు మీద పెట్టి టీవీ తెరను చిత్రీకరించడమే. అది చూడటానికి అంత బాగుండదు, నిజమే. ఏమీ లేకపోవడం కన్నా నయం.

ఇంట్లో చూసుకోవడానికి ఉంచుకునే కాపీ వేరు, పదిమందికి పంచే కాపీ వేరు. రెండోది కాపీరైట్ చట్టం కిందికి వస్తుంది. హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో రక్షణ తాళాన్ని ఛేదించడం 2012 సవరణ తరువాత శిక్షార్హం.

దుకాణాల్లో ఉండే సీసీటీవీ రికార్డర్ మాట వేరు. అందులో మామూలుగా ఇలాంటి తాళం ఉండదు గనుక తెలిసినవాళ్లు డిస్కు నుంచి దృశ్యాలు తీయగలరు. కానీ అది నిండగానే పాతవాటి మీద కొత్తవి రాసుకుంటూ పోతుంది. అందువల్ల అవసరం పడిన క్షణమే దాన్ని ఆపాలి.

అభ్యాసం: మీ ఇంట్లో ఉన్న రికార్డర్ వెనుక ఏయే రంధ్రాలు ఉన్నాయో, అడాప్టరు మీద ఏ వోల్టేజి, ఎన్ని ఆంపియర్లు రాసి ఉన్నాయో చూసి నోటుపుస్తకంలో రాసుకోండి.

కొత్త పెట్టె తెచ్చుకునే ముందు

చాలా నష్టాలు పెట్టె పాడైన రోజున కాదు, మార్చిన రోజున జరుగుతాయి. పాత పెట్టె ఇస్తే కొత్తది తక్కువ ధరకు అంటారు, వచ్చిన కుర్రవాడు పాతది సంచిలో వేసుకుని వెళ్లిపోతాడు. దానితోపాటు డిస్కూ పోతుంది. రెండో పొరపాటు, చందా ఆపేయడం. పెట్టె బాగానే ఉన్నా చందా లేకపోతే చాలా పెట్టెలు పాత రికార్డింగులను చూపించవు. కాబట్టి ముందు కాపీ తీయాలి, తరువాతే కనెక్షన్ రద్దు చేయాలి. ఒక సంస్థ పెట్టె మరో సంస్థకు పనిచేసేలా ఉండాలని ట్రాయ్ 2020 ఏప్రిల్‌లో సిఫారసు చేసింది. అది అమలైనా పాత రికార్డింగుల తాళం విడిపోదు.

దూరదర్శన్ ఫ్రీ డిష్‌లో వచ్చే ఛానెళ్లు, దూరదర్శన్ యాదగిరితో సహా, ఉచితం. వాటికి వాడే మామూలు పెట్టెల్లో చాలావరకు పెన్‌డ్రైవ్ మీద రికార్డు చేస్తాయి, ఆ ఫైలు సాధారణంగా కంప్యూటరులో నేరుగా ఆడుతుంది. దాచుకోవాలనే ఉద్దేశం ఉన్నవాళ్లకు నా మట్టుకు ఖరీదైన రికార్డర్ కన్నా ఇదే మేలనిపిస్తుంది.

కార్యక్రమం ఈమధ్యే ప్రసారమైనదైతే ఇంకొక దారి ఉంది. ఛానెళ్లు తమ ప్రసారాలను 90 రోజులపాటు భద్రపరచాలన్నది కేంద్ర సమాచార, ప్రసార శాఖ నిబంధన. తేదీ, సమయం, కార్యక్రమం పేరు రాసి ఛానెల్‌కు ఉత్తరం పెట్టండి. వాళ్లు ఇచ్చి తీరాలని లేదు, అడిగితే ఇచ్చేవాళ్లూ ఉంటారు.

మన ఉదాహరణలోని ఇంటికి 90 రోజులు ఎప్పుడో దాటిపోయాయి. వాళ్ల పెట్టెలో పోయింది అడాప్టరు. కొత్తది పెట్టగానే దీపం వెలిగింది. ఆ సాయంత్రమే పసుపు, ఎరుపు, తెలుపు తీగలతో నాలుగు నిమిషాలూ కంప్యూటరులోకి తీసుకుని, తేదీ, ఛానెల్, నాయనమ్మ పేరు ఫైలు మీద రాసి, ఒక నకలు పోచంపల్లిలో ఉన్న చిన్నాయన ఇంటికి పెన్‌డ్రైవ్‌లో పంపారు. డిష్ సంస్థకు ఫోను చేసింది ఆ మర్నాడు.