వెండి రంగు పెన్ను ఎక్కడ నిలుస్తుంది? ఎక్కడ చెరుగుతుంది?

నాగార్జునసాగర్ కుడి కాలువ కింద పల్నాటి రైతుకు పల్లంలో వరి, మెట్టలో పత్తి, మిర్చి ఉండడం మామూలే. మూడు పంటలకూ మందు కొట్టే పంపు మాత్రం చాలా ఇళ్లలో ఒక్కటే. చిక్కంతా అక్కడే వస్తోంది. వరిలో వెడల్పాకు కలుపును చంపే 2,4-డి మందు పత్తికి పరమ శత్రువు. ఆ మందు కొట్టిన పంపును పైపైన కడిగి, అదే పంపుతో పత్తికి పురుగు మందు కొడితే, అడుగున మిగిలిన కాస్త మందే చేనుకు చేటు తెస్తుంది. లేత ఆకులు వెడల్పు తగ్గి, సన్నగా సాగి, ముడుచుకుపోతాయి. పూత, కాపు దెబ్బతింటాయి.

కలుపు మందుకు వేరే పంపు పెట్టుకోవడమే దీనికి మందు. కాని రెండు పంపులున్న ఇంట్లోనూ పొరపాటు జరగవచ్చు. రెండూ ఒకే రంగు, ఒకే ఆకారం. తెల్లవారుజామున మసక వెలుతురులో కూలికి వచ్చిన మనిషి చేతికందింది భుజాన వేసుకుపోతాడు. అందుకని పంపు మీద దూరానికి కనబడే గుర్తు ఉండాలి. ఆ గుర్తు పెట్టడానికి పుస్తకాల దుకాణాల్లో దొరికే వెండి రంగు, బంగారు రంగు మార్కరు పెన్నులు పనికివస్తాయి. అయితే అవి అన్ని వస్తువుల మీదా ఒకేలా నిలవవు. ఆ సంగతి తెలియకుండా రాస్తే వారం తిరగకుండానే గుర్తు మాయమవుతుంది.

వెండి పెన్నులో వెండి లేదు

మామూలు నల్ల మార్కరులో ఉండేది స్పిరిట్‌లో కరిగిన రంగు, దానిని అంటిపెట్టే కొద్దిపాటి జిగురు. ఆ రంగు పలచన. తెల్ల వస్తువు మీద కనబడుతుంది గాని, నల్ల పైపు మీద కనబడదు. వెండి రంగు పెన్నులో ఉండేది పలచని అల్యూమినియం రేకుల పొడి. బంగారు రంగుకు రాగి, తుత్తునాగం కలిసిన పొడిని గాని, రంగు పూసిన అభ్రకపు పొడిని గాని వాడతారు. ఈ రేకులు ఒకదాని మీద ఒకటి పరుచుకుని కింది రంగును కప్పేస్తాయి. అందుకే నల్ల పైపు మీద, ముదురు రంగు పెట్టె మీద మెరుస్తూ కనబడతాయి.

నిజమైన వెండి సంబంధం ఉన్న సిరా వేరే ఉంది. అది ఓటు వేసేటప్పుడు వేలికి పూసే సిరా. 1962 సార్వత్రిక ఎన్నికల నుంచి మైసూరులోని ప్రభుత్వ రంగుల కర్మాగారం దానిని సరఫరా చేస్తున్నది. అందులోని సిల్వర్ నైట్రేట్ చర్మంలోని ఉప్పుతో కలిసి, వెలుతురు తగిలి నల్లబడుతుంది. చర్మంలోనే మార్పు వస్తుంది కాబట్టి సబ్బుకు లొంగదు. మార్కరు పెన్ను రాత అలా కాదు. అది వస్తువు మీద ఎండి నిలిచే పొర మాత్రమే. ఆ పొర పట్టుకునే చోటు ఉంటే ఉంటుంది, లేకపోతే ఊడుతుంది.

ఏ వస్తువు మీద ఎలా?

ఇనుము, రంగు వేసిన రేకు: మోటారు స్టార్టరు పెట్టె, గేటు, ట్రంకు పెట్టె వంటి వాటి మీద ఈ రాత బాగా నిలుస్తుంది. ముందుగా దుమ్ము, గ్రీజు తుడవాలి. తుప్పు ఉంటే గరుకు కాగితంతో రుద్ది తీసేయాలి. తుప్పు మీద రాస్తే తుప్పుతోపాటే రాత కూడా రాలిపోతుంది. స్టార్టరు పెట్టె మీద రాసేటప్పుడు మెయిన్ ఆపి, పెట్టె బయటివైపే రాయాలి. బోరు లోతు, మోటారు దించిన అడుగులు, దించిన తేదీ రాసిపెడితే, రేపు మోటారు పైకి తీయవలసి వచ్చినపుడు వెతుకులాట ఉండదు.

గాజు, పింగాణీ: విత్తనాలు దాచిన సీసా, ఊరగాయ జాడీ వెలుపల చక్కగా రాయవచ్చు. నూనె చేతులతో పట్టుకున్న చోట మాత్రం రాత పట్టదు. సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరాక రాయాలి. వద్దనుకున్నపుడు స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో తుడిస్తే పోతుంది. కాబట్టి ఏటేటా మారే విత్తనం పేరు, తేదీ రాయడానికి గాజు సీసా అనుకూలం.

స్టీలు సామాను: పెళ్లిళ్లకు, శుభకార్యాలకు ఇరుగుపొరుగుకు ఇచ్చే గిన్నెలు కలిసిపోకుండా అడుగున పేరు రాయవచ్చు. అయితే పీచుతో నాలుగుసార్లు తోమితే పోతుంది. రెండు మూడు రోజుల అవసరానికైతే సరిపోతుంది. శాశ్వతంగా ఉండాలంటే దుకాణంలో మిషనుతో పేరు కొట్టించుకోవడమే మంచిది. గిన్నె లోపల, గరిటె కొసన, తినే పదార్థం తగిలే ఏ చోటా ఈ సిరా వాడకూడదు. పొయ్యి మీద పెట్టే గిన్నె అడుగున కూడా వద్దు.

కర్ర, మట్టి, గోనె: ఇవి సిరాను పీల్చుకుంటాయి. పార కామ మీద రాస్తే కర్ర పోగుల వెంట సిరా పాకి అక్షరాలు అలుక్కుపోతాయి. మెరుపూ తగ్గుతుంది. కామను గరుకు కాగితంతో నునుపు చేసి, ఒక పూత వార్నీషు వేసి, ఆరాక రాస్తే అక్షరం నిలబడుతుంది. మట్టి కుండ సిరాను మింగేస్తుంది. రాసినది చెరపడమూ కష్టమే. గోనె సంచులకు, మిర్చి టిక్కీలకు వెండి రంగు పెన్ను దండగ. అక్కడ చిక్కటి నల్ల రంగే మేలు.

రబ్బరు: వంగే ట్యూబు మీద రాత పగుళ్లిచ్చి రాలుతుంది. గుర్తు పెట్టక తప్పకపోతే వంగని చోటు చూసుకోవాలి.

అసలు కష్టం ప్లాస్టిక్‌తోనే

గుర్తు అన్నిటికంటె ఎక్కువగా కావలసింది మందు పంపుకు, డ్రిప్పు పైపులకు, డబ్బాలకు. సిరా అన్నిటికంటె తక్కువగా పట్టేదీ వాటికే. అవి సాధారణంగా పాలిథిలీన్, పాలిప్రొపిలీన్ అనే ప్లాస్టిక్కులతో తయారవుతాయి. తామరాకు మీద నీటిబొట్టు నిలవనట్లే ఈ ప్లాస్టిక్ మీద సిరా గట్టిగా అంటుకోదు. ఎండినట్లు కనబడినా గోరుతో గీకితే పొరలా లేస్తుంది.

పంపుకు మరో ఇబ్బంది కూడా ఉంది. నీళ్లలో పోస్తే పాలలా తెల్లబడే చాలా పురుగు మందుల్లో జైలీన్ వంటి ద్రావకాలు ఉంటాయి. మందు పోసేటప్పుడు మూత దగ్గర ఒలికిన చుక్క కిందికి జారితే, ఆ దారిలో ఉన్న రాతను కరిగించి చెరిపేస్తుంది.

అందువల్ల పంపు మీద రాసేవారు ఈ వరస పాటించాలి. ముందు పంపును సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టాలి. చేతులకు తొడుగులు వేసుకుంటే మంచిది. మందు ఒలకని పక్కభాగం ఎంచుకుని, అరచేయంత మేర గరుకు కాగితంతో రుద్దాలి. నునుపు పోయి గరుకుదేలితే సిరాకు పట్టు దొరుకుతుంది. స్పిరిట్ గుడ్డతో తుడిచి, ఆరాక పెద్ద అక్షరాలతో రాయాలి. ఒక రోజు నీడన ఆరనిచ్చి, పైన వెడల్పాటి పారదర్శకపు టేపు అంటించాలి. ఇంకా భద్రంగా ఉండాలంటే చిన్న రేకు బిళ్ల మీద రాసి, దానిని పంపు పట్టీకి తీగతో కట్టాలి. రేకు మీద రాత నిలుస్తుంది కనుక ఈ పద్ధతికే ఎక్కువ మన్నిక.

చదువు రానివారు కూడా ఆ పంపును మోస్తారని మరువరాదు. వట్టి అక్షరాలతో సరిపెట్టకుండా, కలుపు మందు పంపుకు చుట్టూ వెడల్పాటి కట్టు గీసి, పురుగు మందు పంపును ఏ గీతా లేకుండా వదిలితే అందరికీ ఒక్క చూపులో తెలుస్తుంది. ఆ గుర్తుకు అర్థమేమిటో ఇంట్లో పిల్లలతో సహా అందరికీ చెప్పి ఉంచాలి.

రాసే ముందు, రాశాక

పెన్ను కదలకుండా ఉంటే అల్యూమినియం పొడి అడుగున పేరుకుంటుంది. మూత బిగించి బాగా ఊపాలి. చాలా పెన్నుల లోపల చిన్న గోళీ ఉంటుంది. అది గలగలలాడేలా ఊపితే పొడి కలుస్తుంది. తర్వాత మొనను చిత్తు కాగితం మీద నొక్కి సిరా దిగనివ్వాలి. నేరుగా వస్తువు మీదే నొక్కితే పెద్ద మచ్చ పడుతుంది. పని అయ్యాక మూత గట్టిగా పెట్టి, పెన్నును పడుకోబెట్టి దాచాలి. ఇందులోని ద్రావకం ఘాటైనది, అంటుకునే గుణం కలది. పొయ్యికి, బీడీకి దూరంగా, గాలి ఆడే చోట రాయాలి. పిల్లల చేతికి ఇవ్వరాదు.

కొత్త వస్తువు మీద రాసే ముందు కనబడని మూలన ఒక గీత గీసి, ఒక రోజు ఆగి, గోరుతో గీకి, తడి గుడ్డతో రుద్ది చూడాలి. గీత నిలిస్తే పేరు కూడా నిలుస్తుంది.

సీసా మార్చడం వద్దు

పెన్ను ఉన్నది కదా అని పురుగు మందును కూల్‌డ్రింకు సీసాలో పోసి, పైన పేరు రాసి అటక మీద పెట్టడం ప్రాణాల మీదికి తెస్తుంది. రాత చెరిగిపోతుంది, సీసా మాత్రం తాగే సీసాలాగే కనబడుతుంది. దాహం వేసిన పిల్లవాడు పేరు చదవడు. 1968 నాటి పురుగు మందుల చట్టం కింద 1971లో వచ్చిన నిబంధనల ప్రకారం ప్రతి మందు డబ్బా మీద రంగు గుర్తు ఉండాలి. ఎరుపు అతి ప్రమాదకరమైన విషానికి, ఆ తర్వాత వరసగా పసుపు, నీలం, ఆకుపచ్చ. విరుగుడు వివరాలు కూడా ఆ కాగితం మీదే ఉంటాయి. ఆపదలో డాక్టరుకు చూపవలసింది అదే. కాబట్టి మందు కొన్న డబ్బాలోనే ఉండాలి. రైతు దాని మీద తన పెన్నుతో రాయవలసింది మూత తీసిన తేదీ ఒక్కటే. ఆ రాత కూడా రంగు గుర్తును, అచ్చు అక్షరాలను కప్పకూడదు.

ఏ గుర్తయినా ఎండకు, వానకు క్రమంగా వెలిసిపోతుంది. దుక్కికి ముందు నాగలి, గొర్రు సరిచూసుకునే రోజునే పంపుల మీది రాతలు కూడా చూసుకుని, మసకబారిన చోట మళ్లీ దిద్దుకుంటే ఆ ఏటికి పత్తి చేను గురించి ఒక బెంగ తగ్గుతుంది.