గుండె చుట్టూ నీరు

గుండె జబ్బంటే వయసు మళ్లినవాళ్లకు వచ్చేదని అనుకునేవాళ్లం, 2008లో మా రూములోని ఇంటర్ కుర్రాడికి వచ్చేదాకా. మూడు వారాలుగా దగ్గు, సాయంత్రమైతే జ్వరం. శాలిబండలో మందుల షాపు బిళ్లలే మేం చేయించిన వైద్యం. తర్వాత కాళ్లు వాచాయి. పడుకుంటే ఊపిరాడక ట్రంకుపెట్టెకు ఆనుకుని రాత్రంతా కూర్చునేవాడు. వార్డెన్ సారు ఆటోలో నయాపూల్ దాటించి ఉస్మానియాకు తీసుకెళ్లారు. ఎకో తీస్తే గుండె చుట్టూ నీరు!

గుండెకు హృదయావరణం అనే రెండు పొరల సంచి ఉంటుంది. పొరల మధ్య మామూలుగా 15 నుంచి 50 మిల్లీలీటర్ల ద్రవం ఉండి, రాపిడి లేకుండా చూస్తుంది. బాక్టీరియా చేరితే అది పెరుగుతుంది. మెల్లగా పెరిగితే సంచి సాగి లీటరు దాకా పడుతుంది. గబగబా చేరితే మాత్రం 200 మిల్లీలీటర్లు కూడా గుండెను నొక్కేసి, రక్తం నిండనివ్వక ప్రాణం తీయొచ్చు. అప్పుడు సూదితో తోడాల్సిందే.

స్టెఫిలోకాకస్, న్యూమోకాకస్ లాంటి క్రిములు న్యుమోనియా నుంచి పాకితే సంచిలో చీము పడుతుంది. యాంటీబయాటిక్స్ వచ్చాక ఇది అరుదైంది గానీ, చీము తీయకుండా మందులొక్కటే ఇస్తే చాలదు. మన దేశంలో ఎక్కువగా చూసేది క్షయ వల్ల వచ్చేది. ఛాతీలోని గ్రంథుల నుంచి క్రిమి సంచిలోకి చేరుతుంది. నిర్లక్ష్యం చేస్తే పొరలు పెంకులా గట్టిపడి గుండెను బిగించేస్తాయి. ఇక ఆపరేషన్ చేసి ఒలవాలి.

మావాడిది క్షయే. ఇక్కడ మా తప్పు ఒకటి రాయాలి. టీబీ అనగానే అతని కంచం, గ్లాసు వేరు పెట్టాం. కంచాల వల్ల క్షయ అంటదు, ఊపిరితిత్తుల క్షయ ఉన్నవాళ్లు దగ్గితే గాలిలో వస్తుంది. అతని కళ్లెలో క్రిమే కనబడలేదు. ఈ సంగతి డాక్టరుగారు చెప్పేసరికి అతను పది రోజులుగా మెస్‌లో ఒంటరిగా తింటున్నాడు.

కోర్సు ఆరు నెలలు. మొదటి రెండు నెలలు రోజు విడిచి రోజు డాట్స్ సెంటర్‌కు వెళ్లి ఎదురుగానే మింగేవాడు (2017 నుంచి రోజూ మింగే పద్ధతి వచ్చింది). మందులు ఉచితమే. ఇప్పుడైతే తిండికని నెలకు 1000 రూపాయలు కూడా ఇస్తున్నారు, 2024 నవంబరు దాకా అది 500. రిఫాంపిసిన్ వల్ల మూత్రం ఎర్రగా వస్తే రక్తమనుకుని ఏడ్చాడు పాపం!

కోర్సయ్యాక ఎకో తీస్తే నీరు లేదు. తప్పిపోయిన పరీక్షలు సప్లిమెంటరీలో రాశాడు. అప్పటికి కంచాలన్నీ ఒకే చోట కడుగుతున్నాం.