మీకు తెలుసా? ‘ప్రెజెంట్లీ’ అంటే ఇప్పుడా, కాసేపటికా?

ఉద్యోగ దరఖాస్తుల్లో మనవాళ్లు తరచూ వాడే మాట ‘ప్రెజెంట్లీ’. ‘ఐ యామ్ ప్రెజెంట్లీ వర్కింగ్ ఇన్ హైదరాబాద్’ అంటే ప్రస్తుతం హైదరాబాదులో పనిచేస్తున్నానని అర్థం. అదే మాట పాత ఇంగ్లిష్ నవలలో ‘ది డాక్టర్ విల్ కమ్ ప్రెజెంట్లీ’ అని కనిపిస్తే మాత్రం, డాక్టరు ఇంకా రాలేదని, కాసేపట్లో వస్తాడని.

మొదట్లో ఈ మాటకు ‘వెంటనే’ అనే అర్థం గట్టిగా ఉండేది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో, మత్తయి సువార్త 21వ అధ్యాయంలో, యేసు శపించిన అంజూరపు చెట్టు ఎండిపోయింది ‘ప్రెజెంట్లీ’యే. కాసేపయ్యాక ఎండిందనుకుంటే ఆ ఘట్టంలోని అద్భుతమే పోతుంది. తెలుగు బైబిల్ చదివేవారికి ఆ తికమక లేదు, అక్కడ ‘తక్షణమే’ అని ఉంది.

మరి ‘వెంటనే’ కాస్తా ‘కాసేపటికి’ ఎలా అయింది? మనుషుల మాట తీరే అందుకు కారణం. షేక్‌స్పియర్ ‘హెన్రీ ది ఫోర్త్’ మొదటి భాగంలో ఫ్రాన్సిస్ అనే కుర్రాడు మద్యం దుకాణంలో పనిచేస్తుంటాడు. ఎవరు పిలిచినా ‘ఎనాన్, ఎనాన్’ అంటాడు, ఉన్నచోటి నుంచి మాత్రం కదలలేడు. ‘ఎనాన్’ కూడా ఒకప్పుడు ‘తక్షణం’ అనే అర్థమున్న మాటే. మన హోటల్లో సర్వరు పక్క టేబుల్ దగ్గర నుంచే ‘వస్తున్నా సార్’ అన్నట్టన్నమాట. అలా అనగా అనగా మాటలోని తొందర తగ్గిపోతుంది. అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచేది ‘సూన్’. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిష్‌లో ‘సోనా’గా ఉన్న ఈ మాటకూ అర్థం ‘వెంటనే’!

‘ప్రెజెంట్లీ’ విషయంలో ఇంగ్లండులో ‘కాసేపట్లో’ అన్న అర్థం పైచేయి సాధించింది. ‘ప్రస్తుతం’ అన్న అర్థం స్కాట్లాండులోనూ అమెరికాలోనూ నిలిచింది. మన దేశంలో ఎక్కువగా వినిపించేదీ ఇదే.

చదివేటప్పుడు క్రియను చూస్తే చాలావరకు తేలిపోతుంది. వర్తమాన కాలంలో ఉంటే ‘ప్రస్తుతం’, భవిష్యత్తులో ఉంటే ‘కాసేపట్లో’. కథ భూతకాలంలో నడుస్తూ ‘ప్రెజెంట్లీ షి గాట్ అప్’ అని వస్తే ‘కాసేపటికి ఆమె లేచింది’ అని. మీరే రాస్తున్నప్పుడు మాత్రం, అవతలివారు ఏ దేశంవారైనా, ‘ఇప్పుడు’కు ‘కరెంట్లీ’, ‘కాసేపట్లో’కు ‘షార్ట్‌లీ’ వాడండి.