రోడ్డు దాటుటకు ఎన్ని సెకండ్లు?

12 మీటర్ల వెడల్పు గల రోడ్డును, సెకండుకు 1.2 మీటర్ల వేగముతో నడచువారు 10 సెకండ్లలో దాటుదురు. ఈ 1.2 అన్నది లెక్క కొరకు కల్పించిన సంఖ్య కాదు. బ్రిటనులో పాదచారుల సంకేతదీపములకు కాలనిర్ణయము చేయుటలో ఇంజనీర్లు చిరకాలము వాడుచు వచ్చిన వేగ మిదియే.

మరి వృద్ధుల మాట యేమి? ఇంగ్లండులో 2005వ సంవత్సరపు ఆరోగ్య సర్వేలో 65 ఏండ్లు, ఆ పైబడినవారి నడకను కొలిచిరి. పురుషుల సగటు వేగము సెకండుకు 0.9 మీటరు, స్త్రీలది 0.8. అనగా మన రోడ్డును దాటుటకు సగటు పురుషునకు 13 సెకండ్లకు పైగా, స్త్రీకి 15 సెకండ్లు పట్టును. పదవ సెకండున ఆమె ఇంకను 4 మీటర్లు వెనుకబడి, వాహనముల త్రోవలోనే యుండును!

ఈ భేదమునకు కారణములు పెక్కు. అడుగు పొడవును సెకండుకు వేయు అడుగుల సంఖ్యతో గుణించినచో వేగము వచ్చును. స్త్రీలు సగటున పొట్టివారు. కనుక అడుగు చిన్నది. కండరముల బలమును తక్కువే. ముట్లుడిగిన పిమ్మట ఈస్ట్రోజెన్ తగ్గి ఎముకలు గుల్లబారును. మోకాళ్ల నొప్పులు కూడ స్త్రీలలోనే హెచ్చు. పడినచో తుంటి యెముక విరుగునను భయముతో అడుగు మరింత కురుచ యగును. ఇంకొక సంగతి విద్యార్థులు గమనింపవలెను. స్త్రీలు పురుషులకంటె దీర్ఘకాలము జీవింతురు. కావున 65 దాటిన స్త్రీల గుంపులో 80, 90 ఏండ్లవారి పాలు ఎక్కువ. సగటులలోని తేడా కొంత వయస్సు వలన వచ్చినదే.

నడవలేనివారు కారులో పోరాదా యని అడుగవచ్చును. 1975-76లో బ్రిటనులో వయోజనులైన పురుషులలో నూటికి 69 మందికి డ్రైవింగు లైసెన్సు ఉండగా, స్త్రీలలో 29 మందికే యుండెను. కారు నడపు భర్త పోయిన పిమ్మట అట్టి స్త్రీకి మిగిలినవి బస్సును, తన కాళ్లును. బస్సెక్కుటకైనను ముందు రోడ్డు దాటవలసినదే గదా! నడక తగ్గినవారే నడకపై ఎక్కువగ ఆధారపడవలసి వచ్చినది.

బ్రిటనులో కొన్నిచోట్ల ‘పఫిన్’ అను దాటుస్థలములు కలవు. రోడ్డుపై మనిషి ఇంకను ఉన్నట్లు అచటి పరికరము కనిపెట్టి, వాహనములకు ఎర్రదీపమును కొంత పొడిగించును. అందరికి ఒకే వేగము నిర్ణయించుటకంటె ఇది మేలు.

ఈ కొలత ఇంటివద్దనే చేయవచ్చును. వసారాలో 4 మీటర్ల దూరమున రెండు సుద్దగీతలు గీసి, తాతగారిని, నాయనమ్మగారిని మామూలుగా నడువుమని కోరుడు. గీతకు రెండడుగుల వెనుకనుండి నడక మొదలుపెట్టవలెను. లేనిచో వేగము తక్కువగా కనిపించును. అట్లు వచ్చిన వేగముతో మీ ఊరి బస్సుస్టాండు ఎదుటి రోడ్డు వెడల్పును భాగించి చూడుడు.