తుఫాను రాకమునుపే లెక్క చూసుకుందాం



ఇవాళ్టి ప్రసంగం కోస్తా ఊళ్లలో తుఫాను ఏర్పాట్లను గురించి. మన ఊరు ఏమాత్రం సిద్ధంగా ఉన్నదో ఎండ కాస్తున్న రోజుల్లోనే ఎట్లా తెలుసుకోవచ్చునో ముచ్చటించుకుందాం. "తుఫాను దైవికం గదండీ, దానికి లెక్కేమిటి?" అని కొందరు అంటారు. గాలికి లెక్క లేకపోవచ్చు. మనుషుల్ని తరలించడానికి పట్టే గంటలకు లెక్క ఉన్నది.

1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చింది. సుమారు 5, 6 మీటర్ల ఎత్తున సముద్రం లేచి మైళ్ల కొద్దీ లోపలికి చొచ్చుకువచ్చింది. పదివేల మంది దాకా పోయినారని సర్కారు లెక్క. అంతకు ఎక్కువేనని ఆ ప్రాంతపు పెద్దలు నేటికీ చెబుతారు. 1990 మే 9న మళ్లీ అదే కృష్ణా తీరాన్ని అంతకు తీసిపోని తుఫాను తాకింది. అప్పుడు పోయినవారు వెయ్యిలోపు. అది చిన్న నష్టమని నేననడం లేదు. కాని ఈ రెండింటికీ మధ్య తుఫాను షెల్టర్లు కట్టారు, వార్త ముందుగా అందింది, లక్షల మందిని ముందే ఇళ్లనుంచి కదిలించారు. తేడా అక్కడ వచ్చింది.

వాతావరణ శాఖవారు ముప్పు వచ్చేదాకా ఊరుకోరు. 72 గంటల ముందే అధికారులకు సూచన పంపుతారు. తీరంలో వాతావరణం చెడడానికి 48 గంటల ముందు అప్రమత్తం చేస్తారు. 24 గంటల ముందు హెచ్చరిక ఇస్తారు. 12 గంటల ముందు, తుఫాను తీరం దాటాక లోపలి తావుల్లో ఏమి జరగగలదో అదీ చెబుతారు. ఈ గంటల్ని పక్కన పెట్టుకుని మన ఊరి గంటల్ని లెక్కించాలి.

ఒక ఊరు ఉన్నదనుకుందాం. 1,200 మంది జనం. షెల్టరు 4 కిలోమీటర్ల దూరం. ఊళ్లో 6 ట్రాక్టర్లు. ఒక్కొక్క దానిలో పాతికమంది ఎక్కుతారు. ఎక్కించి, దింపి, తిరిగి రావడానికి గంట. అంటే గంటకు 150 మంది; ఊరంతా కదలడానికి 8 గంటలు. "24 గంటలున్నాయి గదా, చాలు" అనిపిస్తుంది. ఆగండి. హెచ్చరిక సాయంత్రం 6 గంటలకు చేరిందనుకోండి. చీకట్లో, వానలో, పసిపిల్లలతో కాలువగట్టు మీద ట్రాక్టరు తోలగలమా? తెల్లవారి 6 గంటలకు మొదలు పెట్టాలి. ఈదురుగాలి చెప్పిన వేళకు ముందే లేవవచ్చును గనుక మధ్యాహ్నం 12 తరువాత బండి కదలదనుకోవాలి. చేతిలో మిగిలింది 6 గంటలు. 900 మంది వెళతారు. 300 మంది మిగిలిపోతారు.

ఆ 300 మందిని ఏం చేయాలి? 48 గంటల మాట విన్న మరునాడే, హెచ్చరిక కోసం చూడకుండా, పగటిపూట పంపించాలి. ముసలివారు, చూలింతలు, బాలింతలు, మంచం పట్టినవారు, పసివాళ్లు, వాళ్లతో ఉండవలసినవారు. వీరి పేర్ల జాబితా తుఫానునాడు రాయబోతే కుదరదు. సెప్టెంబరులోనే రాసి పంచాయతీలో ఉంచాలి.

ఇంకొక చిక్కు ఉన్నది. నవంబరులో ఆ 6 ట్రాక్టర్లూ ఎక్కడుంటాయి? కోతల్లోనో, ధాన్యం తోలకంలోనో! మబ్బు పట్టిందంటే ప్రతి ఆసామీ తన బస్తాల కోసమే పరుగెత్తుతాడు. అందులో తప్పు పట్టవలసింది లేదు. కాబట్టి ఏ బండి మనుషులకు, ఏ బండి ధాన్యానికి అన్నది నలుగురూ కూర్చుని ముందే ఒప్పుకోవాలి. డ్రైవరు ఎవరో, డీజిలు ఎవరిదో కూడా.

విస్తరణ ఉద్యోగి సోదరులకు ఒక మాట. మన నివేదికల్లో "ఏర్పాట్లు సంతృప్తికరము" అని రాసే అలవాటు మానుదాం. ఆ మాట వల్ల ఒక్క మనిషీ ఒడ్డున పడడు. దానికి బదులు "ఈ ఊరు ఖాళీ కావడానికి 8 గంటలు" అని రాయండి. ఆ అంకె కూడా ఊహించి రాయకండి. ఒకరోజు ఒక వాడ వాళ్లను నిజంగా షెల్టరు దాకా తీసుకువెళ్లి, గడియారం పట్టుకుని చూడండి. తాళంచెవి ఎవరి దగ్గరున్నదో, పంపులో నీళ్లు వస్తున్నాయో లేదో, మరుగుదొడ్డి తలుపు ఉన్నదో లేదో ఆ రోజునే బయటపడుతుంది. మండలంలోని అన్ని ఊళ్ల కాగితాలనూ ఒకచోట పెట్టి కూడా చూడాలి. మూడు ఊళ్లవారు ఒకే షెల్టరును రాసుకుంటారు. ఒకే కల్వర్టు మీదుగా వెళదామనుకుంటారు. విడివిడిగా చూస్తే ప్రతి ఊరూ సిద్ధమే. కలిపి చూస్తే ఒక్కటీ కాదు.

ఇల్లు వదలమంటే చాలామంది కదలకపోవడానికి కారణం పశువులు. బర్రెను వదిలి రమ్మంటే ఎవరికి మనసొప్పుతుంది? దగ్గరలో మెరక ఏదో చూసి, ముందురోజే తోలుకుపోయే ఏర్పాటు ఉండాలి. అదీ కుదరకపోతే పలుపులు విప్పి వదిలేయాలి. కట్టుగొయ్యకు ఉన్న పశువు ఈదలేదు.

పంట సంగతి. తుఫాను వార్త విన్నాక కొత్తగా కోత పెట్టకండి. కోసి పరచిన పనలు నీట నానేకంటే నిలబడి ఉన్న చేనే నయం. కోసినవాటిని కుప్ప వేసి కప్పండి. చేను పడిపోయి కంకి మీద గింజ మొలకెత్తేట్టుంటే, లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున ఉప్పు కలిపి కంకుల మీద పిచికారీ చేస్తే మొలక ఆగుతుంది. ఆ ఉప్పు తుఫాను మరునాడు కొట్లో దొరకదు, ముందే తెచ్చుకోండి. కౌలు రైతులు తమ పేరిట పంట నమోదైందో లేదో ఇప్పుడే చూసుకోవాలి. నష్టం రాసుకోవడానికి వచ్చినవారు పుస్తకంలో ఉన్న పేరే చూస్తారు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు కరెంటు పోయింది, సెల్‌ఫోన్లు మూగబోయినవి. అంత పట్నానికే ఆ గతి పడితే పల్లె మాట చెప్పాలా? వాడకొక బ్యాటరీ రేడియో, ఇంటింటికీ తిరిగి చెప్పగల ఇద్దరు కుర్రాళ్లు తప్పనిసరి.

ఇక మురుగు కాలువ. గాలివాన వెలిశాక చేనులో నీరు ఎన్నిరోజులు నిలుస్తుందన్నది అక్కడ తేలుతుంది. గుర్రపుడెక్క అల్లుకున్న డ్రెయిను, ఇసుక మేట వేసిన ముఖద్వారం ఒక్క ఊరివారు బాగుచేసుకునేవి కావు. ఎగువ ఊరు బాగుచేసి దిగువ ఊరు వదిలేస్తే నీరంతా దిగువవారి చేలల్లో పడుతుంది. మే నెలలో నీరు తగ్గినప్పుడు రెండు మూడు ఊళ్ల రైతులు కలిసి చివరిదాకా గట్టు వెంట నడిచి, అడ్డమున్న చోట్లు రాసుకుని, డ్రైనేజి ఇంజనీరు గారికి అర్జీ ఇవ్వండి. రసీదు మాత్రం తీసుకోవడం మరచిపోకండి.