ఎండోమెట్రియోసిస్: సంతానార్థులు ఎన్నుకొనవలసిన మార్గము

పెండ్లియై మూడు నాలుగేండ్లు గడచినను కడుపు పండని ఇల్లాలిని మొక్కులకును ప్రదక్షిణములకును త్రిప్పుట మన పల్లెలలో నేటికిని కలదు. ఆమె నెలనెలా అనుభవించు కడుపునొప్పిని గూర్చి మాత్రము అడుగువారు అరుదు. "ఆడుదానికి అది మామూలే" యని త్రోసివేయుదురు. కొందరియందు ఆ నొప్పియే సంతానలేమికి మూలమును సూచించు గుర్తు.

గర్భాశయము లోపలి పొరను పోలిన కణజాలము అండాశయములపైనను, అండవాహికలపైనను, ఉదరకుహరములోను పెరుగుటను ఎండోమెట్రియోసిస్ అందురు. సంతానయోగ్యమైన వయస్సుగల స్త్రీలలో నూటికి సుమారు 10 మందికి ఈ వ్యాధి కలదని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. దీనివలన లోపల వాపును అతుకులును ఏర్పడును. అండాశయములో పాత రక్తము నిలిచి, చాక్లెట్ తిత్తి యగును. అట్లని ఈ వ్యాధి గలవారందరును సంతానహీనులు కారు. పలువురు సహజముగనే గర్భము ధరింతురు.

చికిత్సను నిర్ణయించుటకు ముందు నాలుగు విషయములు తెలియవలెను: స్త్రీ వయస్సు, అండముల నిల్వ, అండవాహికల స్థితి, భర్త వీర్యపరీక్ష. ఈ కడపటిది చేయింపక భార్యనే చికిత్సలకు గురిచేయుట అన్యాయము.

వ్యాధి స్వల్పమై, వాహికలు తెరచియుండి, వీర్యము బాగున్నచో లాపరోస్కోపు శస్త్రచికిత్సయు, అండోత్పత్తికి మందులిచ్చి వీర్యమును గర్భాశయములోనికి పంపు పద్ధతియు తోడ్పడును. వ్యాధిని అణచు హార్మోను మాత్రలు నొప్పిని తగ్గించునే గాని గర్భధారణావకాశమును పెంచవు. వాహికలు చెడినను, వయస్సు మీరినను, అండములు తరుగుచున్నను ఐ.వి.ఎఫ్. విషయము ఆలోచింపవలెను. దానికి ముందు చాక్లెట్ తిత్తిని తప్పక తొలగింపవలెనను నియమము లేదు. తిత్తితోపాటు మంచి అండములును పోవచ్చును.

ఇక అండమును ఫలదీకరించు విధము రెండు తెరగులు. కొల్లేటి ప్రాంతమున చేపపిల్లల ఉత్పత్తి కేంద్రములను చూచినవారికి మొదటిది సులభముగ బోధపడును. 1957లో హీరాలాల్ చౌధురి పీయూషగ్రంథి రసమును సూదితో ఎక్కించి శీలావతి మున్నగు చేపలచే గుడ్లు పెట్టించెను. ఆ గుడ్లును మగచేప బీజమును నీటిలో తమంతట తామే కలియును. ఐ.వి.ఎఫ్.లోను మందులతో పరిపక్వమైన అండములను వెలికిదీసి, గాజుపాత్రలో వేలకొలది శుక్రకణములతో ఉంచుదురు. ఒక కణము తానే లోపల ప్రవేశించును. ఈ విధముగ 1978 జూలై 25న ఇంగ్లండులో తొలి శిశువు జన్మించెను. అదే యేడు అక్టోబరు 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ కృషివలన మరియొక శిశువు జన్మించెను.

రెండవది ఇక్సీ. సన్నని గాజుసూదితో ఒక్క శుక్రకణమును నేరుగా అండములోనికి పంపుట దీని పద్ధతి. 1992లో బెల్జియం వైద్యులు దీనివలన కలిగిన తొలి గర్భములను ప్రకటించిరి. భర్త వీర్యము బలహీనమైనను, మునుపటి ఐ.వి.ఎఫ్.లో అండములు ఫలదీకరణము చెందకున్నను ఇది ఉపకారి. కాని వీర్యము బాగున్నపుడు, ఎండోమెట్రియోసిస్ ఉన్నదన్న ఒక్క కారణముచేత ఇక్సీ చేసినచో ఎక్కువమంది శిశువులు జన్మింతురని నిరూపణ కాలేదు. సూది అండము యొక్క గుణమును మార్చజాలదు. సందేహమున్నచోట అండములను రెండు భాగములుచేసి, రెండు విధములను పరీక్షించుటయు కలదు.

కావున గుండుగొలను నుండి ఏలూరికో విజయవాడకో బయలుదేరు దంపతులు తమ స్కానింగు, శస్త్రచికిత్స, వీర్యపరీక్షల కాగితములన్నియు వెంట గొనిపోవలెను. "మా విషయమున ఇక్సీ ఎందులకు? దానివలన అధికముగ కలుగు మేలేమి? ఖర్చెంత?" అని సంకోచింపక అడుగవలెను. 2021 నాటి చట్టము ప్రకారము ఇట్టి కేంద్రములు నమోదై యుండవలెను. ఈ సేవలకు స్త్రీకి 21 నుండి 50, పురుషునకు 21 నుండి 55 ఏండ్లు పరిమితి.

ఏ మార్గమును సంతానమును నిశ్చయముగ ఈయజాలదు. పొలమమ్మి, నగలు కుదువబెట్టి ఖరీదైన పద్ధతికి పరుగిడుటకంటె, కాలము దాటకమునుపే కారణమును తెలిసికొని, దానికి తగిన పద్ధతిని ఎన్నుకొనుట మేలు. ఫలితమెట్లున్నను ఆ ఇల్లాలికి నింద కాదు, తోడు కావలయును.